వేలు పెట్టిన చోటల్లా సంతకం

జరుగు, ఇటు నా పక్కకు వచ్చి కూర్చో. ఆ ఫోను కాసేపు బోర్లించి పెట్టు. మీ ఇంట్లో బ్యాంకు ఉద్యోగం కొత్తగా వచ్చిన పిల్లలుంటే వాళ్ళనూ పిలువు. నేను చెప్పబోయేది నా గొప్ప కాదు, నేను చేసిన తప్పు. గొప్పలు చెప్పేవాళ్ళు మీకు చాలామంది దొరుకుతారు.

నేను చదివింది మూడో తరగతి. మొయినాబాదులో మా బ్రాంచి తెరిచిన కొత్తలో ఊడ్చే పనికి చేరాను, కొన్నేళ్ళకు అటెండరునయ్యాను. కౌంటరు దగ్గర ఇచ్చిన కాగితాన్ని ఆఫీసరు బల్ల మీదికి, అక్కడి నుంచి క్యాషియరు దగ్గరికి మోయడం నా పని. రిటైరయ్యేదాకా అదే మోశాను. రాసిపెట్టుకునే అలవాటు లేదు కాబట్టి అన్నీ తలలోనే పెట్టుకునేదాన్ని. ఎవరిది ఏ ఊరు, ఎవరి సంతకం ఎట్లా ఉంటుంది, ఇప్పటికీ అడగండి, చెబుతాను.

అప్పుడు గచ్చిబౌలి వైపు అద్దాల బిల్డింగులు లేస్తున్నాయి. కంప్యూటరు కంపెనీల జీతాలు అందుకున్నవాళ్ళు శని, ఆదివారాలు కార్లేసుకుని మా రోడ్డు పట్టేవారు. జన్వాడ వైపు చూస్తే ఫామ్‌హౌసులు, మా వైపు చూస్తే ఫామ్‌హౌసులు. నిన్న కందిచేను ఉన్నచోట ఇవాళ ప్రహరీగోడ, గోడ మీద గాజుపెంకులు, గేటు దగ్గర స్టూలు మీద ఒక వాచ్‌మన్. ఆ కందిచేను ఆసామే ఒక్కోసారి ఆ వాచ్‌మన్‌గా ఉండేవాడు. జన్మలో బ్యాంకు మెట్టు ఎక్కనివాళ్ళు భూమి అమ్మిన పైసలతో మా దగ్గరికి వచ్చేవాళ్ళు. చెప్పులు బయట విడిచి, గుడిలోకి వచ్చినట్టు లోపలికి వచ్చేవాళ్ళు.

మా మేనేజరుది గుంటూరు వైపు. మంచివాడు, ఉత్సాహం కొంచెం ఎక్కువ. ఊరి నుంచి ఇంత తీసుకుంటున్నాం, ఊరికి మనం కూడా ఏదో ఇవ్వాలి అనేవాడు. అన్నట్టే ఒక చిన్న ఊరి బడికి రెండు ఫ్యాన్లు, తాగే నీళ్ళకు ఒక డ్రమ్ము బ్యాంకు తరఫున ఇప్పించాడు. మొయినాబాదుకు మూడు కిలోమీటర్లు ఆ ఊరు. తర్వాత ఆ బడి వరండాలోనే ఆదివారం మధ్యాహ్నాలు ఆడవాళ్ళను కూర్చోబెట్టి పొదుపు గురించి చెప్పడం మొదలుపెట్టాడు.

మొదటి ఆదివారం గంటసేపు మాట్లాడాడు. పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడాడు. అంతా విన్నాక ముందు వరసలో కూర్చున్న ఒక ముసలావిడ లేచింది.

"సారూ, అంతా మంచిగ చెప్పినవ్. ఇంతకు నీ జీతమెంత?"

సారు మొహమాటపడుతూ చెప్పాడు.

"మరి నెలాఖరుకు ఏమన్న మిగులుతదా?"

సారు నా వైపు చూశాడు. అందరూ నవ్వారు. తిరిగి వచ్చేటప్పుడు జీపులో అన్నాడు, "ఇది నావల్ల కాదమ్మా. నీ మాటైతే వాళ్ళకు అర్థమవుతుంది. వచ్చే వారం నుంచి నువ్వే చెప్పు. పొదుపూ వడ్డీ తర్వాత. ముందు అందరికీ సంతకం నేర్పు. వేలిముద్ర లేని ఊరు అని బోర్డు పెడదాం."

మూడో తరగతి చదివిన నేను టీచరునయ్యాను! బ్యాంకు పలకలు కొనిచ్చింది, సుద్దముక్కల డబ్బాలు కొనిచ్చింది. నాకేమో అక్షరాలన్నీ నేర్పే ఓపిక లేదు, నేర్పేంత చదువూ లేదు. ఒక్కొక్కరి పేరు పలక మీద పెద్దగా రాసిచ్చి, దాని మీదే దిద్దమనేదాన్ని. ముగ్గు నేర్చుకున్నట్టు నేర్చుకున్నారు. నా సంతకం కింద ఒక గీత, గీత కింద రెండు చుక్కలు ఉంటాయి, ఎందుకో తెలియదు, చిన్నప్పటి నుంచి అంతే. అందరికీ అదే నేర్పాను. ఆ ఊరి ఆడవాళ్ళందరి సంతకాల కింద ఒక గీత, రెండు చుక్కలు. రీజనల్ ఆఫీసు నుంచి వచ్చిన ఒకాయన ఫారాలు చూసి, "వీళ్ళంతా ఒకే ఇంటివాళ్ళా?" అని అడిగాడు.

సంతకం వచ్చాక ఎక్కడ పెట్టాలో నేర్పాలి కదా. ఫారాలు తెచ్చి, "ఇగో, నేను ఏడ వేలు పెడితే ఆడ పెట్టున్రి" అన్నాను. నేను వేలు పెట్టేదాన్ని, వాళ్ళు పెట్టేవాళ్ళు. కాగితం తిప్పేదాన్ని, ఇంకోచోట వేలు పెట్టేదాన్ని, మళ్ళీ పెట్టేవాళ్ళు. కాగితంలో ఏమున్నదో నేనూ చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు. ఎంత తొందరగా నేర్చుకున్నారో అని మురిసిపోయాను. గుర్తుపెట్టుకో, నా తప్పు ఇక్కడే ఉంది.

ఒక్క మనిషి మాత్రం మొదట్లోనే హెచ్చరించాడు. మా క్యాషియరు. పాతబస్తీ మనిషి, రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్నాడు. నోట్లు లెక్కపెట్టడంలో ఆయనంత నిదానం జిల్లాలో ఇంకెవరూ లేరని పేరు. ఆడవాళ్ళు సంతకాలు పెట్టిన ఫారాల కట్ట పట్టుకుని నేను గర్వంగా పోతుంటే కిటికీలోంచి అన్నాడు:

"ఏం టీచరమ్మా, అందరి వేళ్ళు తీసేస్తున్నవంట?"

"మీకేం సారూ, స్యాహీ ప్యాడు ఖర్చు తగ్గుతది."

"తగ్గుతది. కానీ ఒక మాట విను. వేలిముద్రకు మనిషి రావాలె, నా ముందర నిలబడాలె. సంతకమైతే కాయితం వస్తె చాలు, మనిషితో పని లేదు."

ముసలాయనకు ఏదైనా కొత్తది అంటే గిట్టదని నవ్వుకున్నాం. బోర్డు పెట్టిన రోజు పెద్ద సభ. కొబ్బరికాయ కొట్టారు, లడ్డూలు పంచారు, ఫొటోలు తీశారు. సంతకం నేర్చుకున్న ప్రతి మనిషికి మేనేజరు తన చేత్తో చెక్కుబుక్కు ఇచ్చాడు. దానితో ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. కొందరు దాన్ని దేవుడి పటం వెనక పెట్టుకున్నారట.

చెక్కుబుక్కు తీసుకున్నవాళ్ళలో ఒక చామంతుల ఆమె ఉంది. నాకంటే నాలుగైదేళ్ళు చిన్నది, నన్ను అక్కా అనేది. పెనిమిటి పోయి అప్పటికి మూడేళ్ళు, ఇద్దరు పిల్లలు. ఎకరం చెల్కలో చామంతి వేసి, పొద్దున్నే బస్సులో పువ్వులు పట్నం మార్కెట్టుకు తీసుకుపోయేది. ఆ భూమి అమ్ముదామని ఆమెకు లేదు. చుట్టుపక్కలవాళ్ళు అమ్ముకున్నారు, కొన్నవాళ్ళు గోడలు కట్టారు, ఆఖరికి చేనులోకి పోయే బాట కూడా గోడ లోపలికి పోయింది. గంప నెత్తిన పెట్టుకుని ఎంత దూరమని చుట్టు తిరుగుతుంది? అమ్మేసింది. కొన్నాయన ఆ ఒక్క పంట తీసుకోనిచ్చాడు.

పైసలు మా బ్యాంకులో వేసిన రోజు నాతో అన్నది, "అక్కా, ఇవి పైసలు గావు, నా చెల్క. ఆలూరు మా తల్లిగారి ఊరు. ఆడ రెండెకరాల పైన చూసిన, బావి కూడ ఉన్నది. బయానా ఇచ్చిన. ఇవి పోతె నేను కూలికి పోవాలె, నా పిల్లలు ఆ ఫారం హౌసులల్ల గడ్డి పీకాలె."

"యాడ పోతయే? బ్యాంకుల ఉన్నయ్. ఫికర్ చెయ్యకు" అన్నాను.

ఆమె మరిది కొడుకు ఒకడు ఉండేవాడు. ముప్పై ఏళ్ళ మనిషి, మెడలో లావు గొలుసు, కొత్త మోటారుసైకిలు. భూముల బేరాల్లో తిరిగేవాడు. ఒక రోజు వాడు చామంతులామె చెక్కు పట్టుకుని వచ్చాడు. మరీ పెద్ద మొత్తం కాదు. నేను చెక్కు అందుకోగానే చూసింది కింద ఉన్న గీత, రెండు చుక్కలు. సంబరపడిపోయాను. మేనేజరు దగ్గరికి పరుగెత్తి, "చూడండి సార్, మన చామంతులామె చెక్కులు కూడా ఇస్తోంది" అన్నాను. ఆయనా సంతోషించాడు. పైన అంకెలు, అక్షరాలు వేరే చేత్తో రాసి ఉన్నాయని కళ్ళు చూశాయి, బుర్రకు ఎక్కలేదు. క్యాషు తీసుకునే టోకెను నా చేత్తోనే వాడికి ఇచ్చాను.

పది రోజులు గడిచాయి. ఆ రోజు పొద్దున బస్టాండులో చామంతులామె పట్నం బస్సు కోసం నిలబడి ఉంది, పక్కన రెండు గంపలు. నన్ను చూసి మూర పూలు తెంపి నా జడలో పెట్టింది. "పైసలు వద్దు గానీ, వచ్చే బేస్తారం చేవెళ్ళల రిజిస్ట్రీ. నువ్వు రావాలె అక్కా, నాకు భయమైతది" అన్నది. వస్తానన్నాను. బస్సు వచ్చింది, ఎక్కిపోయింది.

పదకొండు గంటలకు మరిది కొడుకు మళ్ళీ వచ్చాడు. చెక్కు అందుకున్నాను. ఈసారి ఖాతాలో ఉన్నదంతా, కొన్ని వందలు తప్ప. కింద గీత, రెండు చుక్కలు.

"మీ పెద్దమ్మ రాలేదా?" అని అడిగాను.

"యాడికెళ్ళొస్తది? నాల్గు దినాలసంది జరం. మంచం మీదికెళ్ళి లేస్తలేదు."

నా జడలో చామంతుల వాసన నాకు తెలుస్తూనే ఉంది. మూడు గంటల కింద ఆమె చేతులు పెట్టిన పూలు.

నేరుగా మేనేజరు గదిలోకి పోయి తలుపు మూశాను. చెప్పాను. ఆయన చెక్కు అటూ ఇటూ తిప్పి చూశాడు. ఫారం తెప్పించి సంతకం పోల్చాడు. "సంతకం ఆమెదే. ఖాతాలో సొమ్ముంది. నువ్వు చెప్పిన పూల కథ మీద నేను చెక్కు ఆపలేను. ఆమే వచ్చి ఆపమని కాగితం రాసివ్వాలి."

"పట్నం పోయింది సార్. మార్కెట్ల ఉన్నది."

"ఫోను?"

"లేదు సార్."

క్యాషియరు లోపలికి వచ్చాడు. మేనేజరు అడగకముందే చెప్పాడు, "అంత క్యాషు నా దగ్గర లేదు సార్. చేవెళ్ళ బ్రాంచి నుంచి రావాలె. ఇప్పుడు చెప్తే ఒంటిగంటకు జీపు వస్తది." అది అబద్ధం కాదు, నిజంగానే లేదు. మేనేజరు వాడికి టోకెను ఇప్పించి, క్యాషు వచ్చేదాకా కూర్చోమన్నాడు.

చూశావా మరి, మొయినాబాదు నడుమ. ఒక పక్క చేవెళ్ళ, అక్కడి నుంచి క్యాషు జీపు రావాలి. ఇంకో పక్క పట్నం, అక్కడి నుంచి ఆమె బస్సు రావాలి. ఒకటే రోడ్డు. ఏది ముందు వస్తుందన్నదే లెక్క. నేను పోయి బస్టాండులో నిలబడ్డాను.

ఎండ. పట్నం నుంచి వచ్చిన ప్రతి బస్సు ఎక్కి సీట్ల మధ్య చూసి దిగాను. ఒక కండక్టరు, "ఏందమ్మా, టికెట్ లేకుండ చెకింగ్ చేస్తున్నవ్?" అన్నాడు. మూడో బస్సు పోయింది. నాలుగోది ఖాళీ. అంతలో చేవెళ్ళ వైపు నుంచి జీపు వచ్చి నా ముందు నుంచే బ్యాంకు గేటులోకి తిరిగింది. తుపాకీ పట్టుకున్న గార్డు ముందు సీట్లో ఉన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

లోపల జరిగింది తర్వాత తెలిసింది. కరెంటు లేదు, లెక్కపెట్టే మిషను నడవలేదు. క్యాషియరు ఒక్కో కట్ట విప్పి, స్పాంజి మీద వేలు తడిపి, చేత్తో లెక్కపెట్టాడట. లెక్కపెట్టి మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడట. మరిది కొడుకు కిటికీ మీద కొట్టి, "తాతా, ఇయ్యాల ఇస్తవా రేపిస్తవా?" అన్నాడట.

"నోట్లు నీయి గావు బేటా, నాయి గావు. తప్పు పోతే నా జీతంల కోస్తరు. కూసో" అన్నాడట. ఆ నిదానానికి ఉద్యోగమంతా తిట్లు తిన్న మనిషి ఆయన.

ఐదో బస్సులోంచి దిగింది నా తల్లి. నెత్తి మీద ఖాళీ గంపలు. "బ్యాంకుల నీ పైసలు పోతున్నయ్, ఉరుకు" అన్నాను. గంపలు రోడ్డు మీదే వదిలేసి ఉరికింది.

మేము లోపలికి అడుగుపెట్టేసరికి మరిది కొడుకు కిటికీ దగ్గర సంచి తెరిచి పట్టుకుని ఉన్నాడు. క్యాషియరు ఆమెను చూసి కట్ట కింద పెట్టేశాడు.

"ఏమమ్మా, జరం తగ్గిందా?"

"నాకు జరమేంది సారూ?" అని ఆమె వాడి వైపు తిరిగింది. "ఏందిరా ఇది?"

"పెద్దమ్మా, నీ మంచికే. చందనవెల్లి తొవ్వల ప్లాట్లు పడ్డయ్. రెండు నెలలల్ల డబల్ అయితయ్. ఆలూరు భూమి గప్పుడు ఇంకింత ఎక్కువ కొందువు."

"నేను నీకు పైసలియ్యమని చెప్పిన్నా?"

"సంతకం పెడితివి గద."

"నువ్వు రిజిస్ట్రీ కాయితాలంటివి, చెక్కుబుక్కు గూడ గావాలంటివి. ఏడ వేలు పెడితే ఆడ పెట్టిన" అని ఆమె నన్ను చూసింది. "అక్క గట్లనే నేర్పింది."

బ్యాంకులో ఉన్నవాళ్ళంతా నన్నే చూశారు. ఆ చూపులు ఇప్పటికీ నా వీపు మీద ఉన్నాయి.

మేనేజరు గబగబా ఒక కాగితం రాశాడు, ఈ చెక్కుకు సొమ్ము ఇవ్వవద్దని. ఆమె ముందు పెట్టి, అడుగున వేలు పెట్టి, "ఇక్కడ సంతకం పెట్టమ్మా, త్వరగా" అన్నాడు. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది.

"పెట్ట. ఇంకెక్కడ పెట్ట."

"ఇది నీ డబ్బు ఆపడానికేనమ్మా!"

"వాడు గూడ నా మంచికే అన్నడు సారూ. వేలు తియ్యి. నా వేలిముద్ర నాకియ్యున్రి, నేను గదే వేస్త."

క్యాషియరు సొరుగులోంచి ప్యాడు తీశాడు. ఎండిపోయి పెచ్చులు లేచింది. తడిగా ఉన్నా పనికిరాదు, బ్యాంకులో ఆమె గుర్తు ఇప్పుడు సంతకమే. వేలిముద్ర నుంచి సంతకానికి మార్చే పద్ధతి ఉంది గానీ, అప్పటికప్పుడు వెనక్కి మార్చేది లేదట. అవతల వాడు, "నా టోకెను నా చేతుల ఉన్నది, పైసలియ్యున్రి" అని అరుస్తున్నాడు. సంతకం పెడితేనే ఆమె చెల్క దక్కుతుంది. సంతకమంటేనే ఆమెకు వణుకు.

నేను కాగితం తీసుకుని ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను. ఆమెనూ కూర్చోబెట్టాను. చదివాను. నా చదువు ఎంత? మేనేజరు రాత ఇంగ్లీషు డాక్టరు రాతలా ఉంది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, తప్పు చదివి మళ్ళీ చదువుతూ, "నా... ఖా... తా... నుంచి..." అని చదివాను. ఒక మాట నాకే అర్థం కాకపోతే, "సారూ, ఇదేంది?" అని అడిగాను. ఆయన చెప్పాడు. ఆమె, "మళ్ళ చదువు" అన్నది. మళ్ళీ చదివాను. క్యూలో ఉన్నవాళ్ళు ఒక్కరూ తొందరపెట్టలేదు.

"గిండ్ల గంతే ఉన్నదా? ఇంకేం లేదు గద?"

"గంతే ఉన్నది."

అప్పుడు పెన్ను అడిగింది. ఎవరూ వేలు పెట్టలేదు. తానే చోటు చూసుకుని పేరు రాసింది, కింద గీత గీసింది, రెండు చుక్కలు పెట్టింది.

వాడు టోకెను కౌంటరు మీద పడేసి పోబోయాడు. గుమ్మం దగ్గర ఆమె ఆపింది. "అడిగితే నీకు కొంత ఇద్దును గదరా. మీ పెద్దబాపు నిన్ను ఎత్తుకొని తిరిగిండు. అడగకపోతివి." వాడు తల దించుకుని పోయాడు. మొదటి చెక్కు సొమ్ములో సగం దసరా పోయాక వాళ్ళ నాయన తెచ్చి ఇచ్చాడు. మిగతా సగం రానే లేదు. నా సంబరానికి ఆమె కట్టిన ఖరీదు అది. ఆమె ఒక్కసారి కూడా నన్ను అనలేదు. అంటే బాగుండేది.

ఆ ఆదివారం మేనేజరు నాతో పాటు ఆ ఊరు వచ్చాడు. వరండాలో అందరి ముందు, తప్పు తనదన్నాడు. కాదు సార్, నాదన్నాను. "మీ ఇద్దరు తర్వాత కొట్లాడున్రి, ముందు మాకు చదువు చెప్పున్రి" అన్నది జీతం అడిగిన ముసలావిడ. దేవుడి పటాల వెనక నుంచి చెక్కుబుక్కులు వెనక్కి వచ్చాయి, కావాలన్నవాళ్ళు ఉంచుకున్నారు. పలకల మీద ఈసారి అ ఆల నుంచి మొదలుపెట్టాం. బడి పంతులమ్మ చెబుతుంటే నేనూ ముందు వరసలో కూర్చున్నాను. కాగితం చేతికొస్తే చదవాలి, చదవడం రాకపోతే మనకు సంబంధం లేని ఇద్దరితో విడివిడిగా చదివించుకోవాలి. మా క్లాసులో పాఠం అంతే. సంతకం ఆఖరి వారం.

తనకు చదవడం వచ్చేదాకా అని రిజిస్ట్రీ నాలుగు నెలలు వాయిదా వేయించుకుంది చామంతులామె. ఆలూరు ఆసామి విసుక్కున్నా ఆగాడు. తగ్గిన సొమ్ముకు సరిపడా ఆరు గుంటలు తగ్గించుకుంది. చేవెళ్ళ ఆఫీసుకు నేనూ పోయాను. దస్తావేజు రాసినాయన కాగితం తిప్పి, అలవాటుగా అడుగున వేలు పెట్టాడు. ఆమె ఆ వేలును మెల్లగా పక్కకు జరిపింది. మొదటి వాక్యం నుంచి గట్టిగా చదవడం మొదలుపెట్టింది. హద్దులు చదివింది. బావి అన్న మాట దగ్గర ఆగి, ఉన్నదా లేదా అని రెండుసార్లు చూసుకుంది.

"అమ్మా, గిట్ల చదివితే పొద్దు గుంకుతది" అన్నాడాయన.

"గుంకనియ్యి అన్నా. రేపు మళ్ళ వస్తది" అన్నది తల ఎత్తకుండానే.

బయట బెంచీ మీద కూర్చుని నేను విన్నాను. నా జీవితంలో విన్న చదువంతటిలో అంత నత్తనడక చదువు లేదు, అంత మంచి చదువూ లేదు. ఆఖరికి సంతకం పెట్టింది. ఆ దస్తావేజు మీద ఇప్పటికీ నా గీతా, నా రెండు చుక్కలూ ఉన్నాయి.

సరే, పొద్దుపోతోంది, లేవండి. మీ ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనపడకుండా ఉండాలి. మీ ఆడపిల్లల జడల్లో పూలు వాడకుండా ఉండాలి. మీ గడపలోకి వచ్చే ప్రతి కాగితమూ మంచి కబురే తేవాలి, అయినా మీరు దాన్ని చివరిదాకా చదివాకే మీ చెయ్యి దాని మీద పడాలి. చల్లగా ఉండండి బిడ్డా.